పలంగ్ వెనక ఎవరి పేరు?

బీరంగూడలో మా దూరపు చుట్టాలు కొత్త ఫ్లాట్ తీసుకున్నారు. ఖుర్ఆన్ ఖానీ చేయించి దావత్ పెట్టారు. బిర్యానీ, డబల్ కా మీఠా అయ్యాక ఇంటాయన మమ్మల్నందర్నీ గది గదికీ తిప్పి చూపించాడు. ఫాల్స్ సీలింగ్, దాంట్లో దాక్కున్న లైట్లు. అల్మారీలకు పిడులే లేవు, నొక్కితే తెరుచుకుంటాయి. హాల్లో గోడ పొడవునా, మూల తిరిగి, పెద్ద సోఫా.

"పూరా కస్టమ్ మేడ్ భాయ్! మా గోడ కొలత తీసుకుని చేయించాడు డిజైనర్. ఇలాంటిది ఇంకో ఇంట్లో కనపడదు" అన్నాడు ఖుషీగా.

నేను సోఫా చెయ్యి మీద అరచెయ్యి ఆనించాను. రెక్సిన్ మూల దగ్గర వేసిన మడత చూశాను. ఎక్కడో చూసిన మడత. అందరూ బాల్కనీలోకి వెళ్లాక వంగి సోఫా కిందికి చూశాను. కింద కొట్టిన నల్లగుడ్డ ఒక పక్క ఊడి ఉంది. లోపలి చెక్క మీద పెన్సిల్‌తో చిన్న నెలవంక. అది మా అబ్బా నిశానీ. ముప్పై ఏళ్లుగా తన చేతిలో తయారైన ప్రతి వస్తువుకూ, ఎవరికీ కనపడని చోట, ఆయన అదొక్కటి గీస్తాడు.

ఆ సోఫా ఇస్నాపూర్ దగ్గర రేకుల షెడ్డులో పుట్టింది. దాని మజూరీ కోసం అబ్బా నాలుగు నెలలు తిరిగాడు. చివరికి కోత వేసి ఇచ్చారు. డెలివరీ రోజున ఆ డిజైనర్ చెప్పిన మాట కూడా నాకు యాద్ ఉంది. "చాచా, మీరు రావొద్దు. కుర్రాళ్లను పంపండి, మా కంపెనీ టీషర్టులు వేసుకుని రమ్మనండి." అందుకే అది ఎవరి ఇంటికి పోయిందో అబ్బాకు తెలియదు. ఎవరి చేతి నుంచి వచ్చిందో మా చుట్టాలకు తెలియదు. అబ్బా కారీగర్ అన్న సంగతి మాత్రం వాళ్లకు ఎప్పుడూ తెలుసు. ఒక్కసారైనా అడగలేదు.

దావత్‌లో నేను నోరు విప్పలేదు. వాళ్ల ఖుషీ పాడుచేయడం ఎందుకనుకున్నాను. ఇంటికొచ్చి రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. కోపం ఆ డిజైనర్ ఒక్కడి మీదే కాదు. మన మీద కూడా.

*

ఈ 'కస్టమ్ మేడ్' అనే మాటను ఇవాళ ఏదో పెద్దోళ్ల షౌఖ్ లాగా అమ్ముతున్నారు. మన నానీమాల కాలంలో ఈ మాట లేదు, పని మాత్రం ఉంది. మేస్త్రీ ఇంటికి వచ్చేవాడు. దాలాన్‌లో కూర్చుని చాయ్ తాగుతూ దారంతో కొలత తీసేవాడు. తఖ్త్ ఎంత ఎత్తు ఉండాలో నానీమా మోకాలిని బట్టి తేల్చేవాడు. నమాజ్ చౌకీ ఎంత వెడల్పుండాలో కూర్చునే మనిషిని బట్టి కోసేవాడు. ఝూలాకు దూలంలో కొక్కెం ఎక్కడ దింపాలో ఇంటి గాలిని చూసి చెప్పేవాడు. పరుపులో దూది ఎంత పెట్టాలో దూదేకుల చాచా వాకిట్లోనే కమాన్ పట్టి ఏకుతూ అడిగేవాడు. ఫోమ్ పరుపులు వచ్చాక ఆ కమాన్ చప్పుడు మన బస్తీల్లో ఆగిపోయింది.

మనిషి కొలతకు, గది కొలతకు వస్తువు చేయడం అమీరుల హక్కు కాదు. పేదోడి అవసరం. రెండు గదుల ఇంట్లో ఆరుగురు బతకాలంటే రెడీమేడ్ మంచం పట్టదు. కొలత తీసి చేయించుకోవాల్సిందే.

మా చదువుల బల్ల అట్లాంటిదే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు మిషన్లు చెక్క పెట్టెల్లో వస్తాయి, సరుకు పాలెట్ల మీద వస్తుంది. ఖాళీ అయ్యాక ఆ చెక్క కబాడీకి పోతుంది. అబ్బా ఆ చీడ్ చెక్క తెచ్చి, మేకులు పీకి, రందా పట్టి మాకు బల్ల చేశాడు. దాని అడుగున 'ఈ వైపు పైకి' అని ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉండేవి. స్కూల్ దోస్తులు నవ్వేవారు. డబ్బాల చెక్కతో చేసిన బల్ల అని నేనూ సిగ్గుపడ్డాను. ఇప్పుడు గచ్చిబౌలి వైపు కేఫ్‌లకు పోయి చూడండి. అదే పాలెట్ చెక్క, అదే మేకు బొక్కలు. పేరు మాత్రం 'రస్టిక్'. పేదోడి ఇంట్లో ఉంటే లాచారీ, కేఫ్‌లో ఉంటే డిజైన్. ఈ తేడా చెక్కలో లేదు, బిల్లు ఎవరు రాస్తారన్న దాంట్లో ఉంది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. దేశాలు దాటి వచ్చే పెట్టెల మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. దాని పక్కన 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, అది జహర్. ఇంట్లోకి తేవొద్దు. ముద్ర బాగానే ఉన్నా మందుల కంపెనీల్లో రసాయనం ఒలికి మరకలు పడ్డ పాలెట్లు మన బెల్టులో తిరుగుతుంటాయి. పిల్లల మంచానికి అవి అసలు వాడొద్దు. ఈ సంగతి మీకు ఏ క్యాటలాగూ చెప్పదు. మంచి మేస్త్రీ చెక్క వాసన చూసి పక్కన పడేస్తాడు.

*

ఇక మన బేరాల సంగతి.

2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో ఐకియా దుకాణం తెరిచారు. దేశంలో వాళ్లకు అదే మొదటిది. సంగారెడ్డి నుంచి కూడా కార్లు కట్టుకుని పోయినోళ్లున్నారు. అక్కడ చీటీ మీద రాసిన ధరకు ఎవరైనా బేరం ఆడారా? లేదు. వరుసలో నిలబడి, డబ్బాలు మనమే మోసి, ఇంటికొచ్చి స్క్రూలు మనమే బిగించుకున్నాం. తప్పని అనను, ఎవరిష్టం వారిది. అదే మనిషి మా షెడ్డుకు వచ్చి కుర్చీలో కూర్చోకముందే "క్యా ఉస్తాద్, జర కమ్ కరో" అంటాడు. "మనోళ్లే కదా" అంటాడు. మనోళ్లయితే ఎక్కువ ఇవ్వాలి కదా, తక్కువ ఎందుకు?

చెమట ఆరకముందే మజూరీ ఇమ్మన్న హదీస్ జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు వినలేదు మనం? విని బయటికొచ్చి "వచ్చే నెల చూద్దాం చాచా" అంటాం. హలాల్ కమాయి గురించి మాట్లాడేవాళ్లు, ఎదుటోడి హలాల్ మజూరీ ఆపి పెట్టుకోవడం ఏ ఖాతాలోకి వస్తుందో కూడా ఆలోచించాలి.

"మాడ్యులర్ సస్తా పడుతుంది" అంటారు. ఒకసారి లెక్క చూడండి. ఇంటీరియర్ కంపెనీలు అల్మారీ ధర ముందు భాగం చదరపు అడుగు లెక్కన చెబుతాయి. లోపల ఏం వాడారన్నది ఆ లెక్కలో కనపడదు. తలుపు వెనక ఉన్నది ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా, పార్టికల్ బోర్డా? పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టు, జిగురు కలిపి అదిమింది. ఒక్కసారి నీళ్లు తగిలితే పాపడ్ లాగా ఉబ్బుతుంది, మళ్లీ దిగదు. స్క్రూ ఒకసారి ఊడితే మళ్లీ పట్టదు. ఈ బోర్డుల జిగురులో ఎక్కువగా ఉండేది యూరియా ఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్ కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. కొత్త అల్మారీ తెరవగానే కళ్లు మండితే అది కొత్తదనం వాసన కాదు. ఫ్యాక్టరీల వాసనతో పెరిగిన మన పటాన్‌చెరు పిల్లలకు పడకగదిలో కూడా అదే ఇద్దామా?

అన్ని బోర్డులూ చెడ్డవని అనట్లేదు. తక్కువ ఫార్మాల్డిహైడ్ వదిలే ఈ1, ఈ0 రకాలున్నాయి. ప్లైవుడ్‌లో ఐఎస్ 303, నీళ్ల దగ్గరికి ఐఎస్ 710 అని ముద్రలున్నాయి. వంటింటి సింక్ కింద 710 వాడమని అడగండి. ముద్ర చూపించమనండి. అడిగే హక్కు మీది. డిజైనర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడి, మేస్త్రీ దగ్గర వంద రూపాయలకు గంటసేపు జగడం చేస్తాం. అదే నాకు మంట.

*

గోడల సంగతి ఇంకో కథ. ఆ బీరంగూడ ఫ్లాట్‌లో హాలు గోడకు పెద్ద ఫ్రేమ్. మెరిసే ప్లాస్టిక్ మీద బంగారు రంగులో ఆయత్. దగ్గరికి పోయి చదివితే ఒక హర్ఫ్ మీద నుఖ్తా లేదు. నుఖ్తా పోతే హర్ఫ్ మారుతుంది, హర్ఫ్ మారితే మానీ మారుతుంది. కంప్యూటర్‌లో ఎవడో అక్షరాలను బొమ్మలనుకుని అందంగా వంచాడు. చదవడం రానోడు చేసిందాన్ని చదవడం వచ్చినవాళ్లం కొని, చదవకుండా గోడకు తగిలించాం.

ఛత్తా బజార్‌లో కాతిబ్‌లు కలం చెక్కుకుని కూర్చునే రోజులు మీలో చాలామందికి గుర్తుంటాయి. పెళ్లి రుఖ్ఖా నుంచి అఖ్బార్ దాకా చేత్తో రాసేవారు. 1990ల్లో ఇన్‌పేజ్ వచ్చాక అఖ్బార్ల పని కంప్యూటర్‌కు పోయింది. అది ఆగేది కాదు, జమానా అంతే. కానీ మన హాలు గోడ అఖ్బార్ కాదు కదా. అది రోజూ వెయ్యి కాపీలు అచ్చు కావక్కర్లేదు. జిందగీలో ఒక్కసారి తగిలించే ఫ్రేమ్. ఒక ఖత్తాత్ చేత మీ ఇంటి కోసం, మీ గోడ కొలతకు, కాగితం మీద సియాహీతో రాయించుకోవడానికి ఏం అడ్డం? టీవీ యూనిట్ వెనక అతికించే మార్బుల్ షీటుకు పెట్టినంత కూడా చాలామంది దీనికి పెట్టరు.

బీదర్ సంగతి చూడండి. జహీరాబాద్ దాటితే బీదర్ ఎంత దూరం? 1956 నవంబర్ 1 దాకా బీదర్, సంగారెడ్డి రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. బిద్రీ హునర్ అక్కడిది. జస్తులో కాస్త తాంబా కలిపి పోత పోస్తారు. దాని మీద సన్నని ఉలితో నక్ష్ చెక్కి, ఆ గీతల్లో చాందీ తీగ కొట్టి దింపుతారు. చివరగా బీదర్ ఖిలా మట్టిని నౌసాదర్‌తో కలిపి పట్టిస్తే లోహం నల్లగా మారుతుంది, చాందీ మాత్రం తెల్లగా వెలుగుతుంది. ఆ హునర్‌కే బీదర్ ఉస్తాద్ షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మనం వాట్సాప్‌లో ఆయన ఫొటో పంచుకుని ముబారక్ చెప్పుకున్నాం. అల్మారీకి ఒక్క బిద్రీ పిడి చేయించుకున్నవాళ్లు ఎందరు? పెద్ద వాజ్, హుక్కా కొనమని అనట్లేదు. తలుపుకు రెండు పిడులు, గోడకు ఒక పలక. అంత చిన్న ఆర్డర్లు కూడా కార్ఖానాను బతికిస్తాయి. హాల్లో పరచడానికి వరంగల్ షత్రంజీ ఉంది. నారాయణఖేడ్ తండాల్లో అద్దాలు కుట్టే బంజారా చేతులున్నాయి. ఇవన్నీ మన చుట్టూ ఉండగా గోడకు ఈఫిల్ టవర్ స్టిక్కర్ అతికించుకుంటున్నాం.

హునర్‌ను పొగిడి, హునర్‌మంద్‌ను మరిచిపోవడం మనకు పాత బీమారీ. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మారీ ఉంది. బర్మా టేకు, రెండంతస్తులు, పైకి పోవడానికి చేత్తో తిప్పే లిఫ్టు. చూసినవాళ్లంతా నిజాం పేరు చెబుతారు. బీదర్ ఖిలాలో రంగీన్ మహల్ ఉంది. నల్లరాయిలో పొదిగిన ముత్యపుచిప్ప, చెక్కుడు పనితో నిండిన చెక్క స్తంభాలు చూసి అలీ బరీద్ షా పేరు చెబుతారు. ఆ తలుపులకు రందా పట్టినోళ్లు, ఆ చిప్ప పొదిగినోళ్లు ఎవరో అడిగేవాళ్లు లేరు. మా అబ్బా నెలవంక సోఫా కింద దాక్కోవడం అక్కణ్నుంచే మొదలైంది.

*

ఇప్పుడు అసలు మాట. చదివి కొందరు నారాజ్ అవుతారు, కానివ్వండి.

మన మహల్లాల్లో కస్టమ్ ఫర్నిచర్‌కు అన్నిటికన్నా పెద్ద గిరాకీ ఎక్కడిది? కొత్త ఇళ్లది కాదు. జహేజ్‌ది. పలంగ్, అల్మారీ, సింగార్ మేజ్, సోఫా సెట్. ఇది కారీగర్ కొడుకుగా రాస్తున్నాను. జహేజ్ ఆగిపోతే మా షెడ్డుకు సగం పని పోతుందని తెలిసే రాస్తున్నాను.

మా ఆపా పెళ్లికి అబ్బా స్వయంగా పలంగ్ చేశాడు. టేకు చెక్క, తలవైపు చెక్కుడు పని, మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని. చెక్క అప్పుకు తెచ్చాడు. "పలంగ్ పెద్దది కావాలి, ఫంక్షన్ హాల్లో చూసేవాళ్లకు కనపడాలి" అని అటువైపు నుంచి కబురు. డీసీఎంలో ఎక్కించి, పూలు చుట్టి, బాజాలతో పంపాం. ఆ ఇంటి గది తలుపులోంచి పలంగ్ పట్టలేదు. విడదీసి లోపల పెడితే బీరువా తెరుచుకోలేదు. చివరికి మిద్దె మీద టార్పాలిన్ కప్పి పెట్టారు. రెండు వానాకాలాలకు చెదలు పట్టింది. అప్పు మాత్రం ఐదేళ్లు నడిచింది. ఆపా ఇప్పటికీ కింద పరుపు మీదే పడుకుంటుంది.

కస్టమ్ మేడ్ అంటే అర్థం ఏంటి? గది కొలతకు, వాడే మనిషి కొలతకు చేయడం. జహేజ్ పలంగ్ ఎవరి కొలతకు చేశాం? ఫంక్షన్ హాల్ కొలతకు, సమ్ధీల నోటి కొలతకు. అబ్బా జిందగీలో కొలత తప్పి చేసిన వస్తువు అదొక్కటే, అది కూడా సొంత బిడ్డ కోసం. చెయ్యి తప్పి కాదు, రివాజుకు భయపడి.

"బీబీ ఫాతిమాకు కూడా సామాను ఇచ్చారు కదా" అనేవాళ్లున్నారు. హజ్రత్ అలీ తన జిరహ్ అమ్మిన డబ్బుతో ఆ సామాను కొన్నారన్న రివాయత్‌ను ఎందుకో మరిచిపోతారు. దుల్హా ఇచ్చిన దాన్ని దుల్హన్ బాపు మీదికి తిప్పింది మనమే. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ ఈ దేశంలో నేరం. 'మేం ఏమీ అడగలేదు, వాళ్లే ఖుషీతో ఇచ్చారు' అనే మాట ఎంత నిజమో ఆడపిల్లల తండ్రుల ముఖాలు చూస్తే తెలుస్తుంది.

పని పోతే ఎట్లా అని అబ్బాను అడిగాను. ఆయన రందా ఆపలేదు. "రోనేవాలే బాప్ కా ఆర్డర్ నక్కో బేటా" అన్నాడు. ఏడ్చే తండ్రి ఇచ్చే ఆర్డర్ నాకొద్దన్నాడు. "పెళ్లయ్యాక ఆ పిల్ల, పిల్లగాడు ఇద్దరూ కలిసి వచ్చి, మా గదికి ఇంత కొలత, మా దగ్గర ఇంత డబ్బు అని చెప్పాలి. అప్పుడు చేస్తా. దాంట్లో బర్కత్ ఉంటది."

*

మా కారీగర్లను కూడా వదలను. "కల్ ఆతా" అన్నోడు పది రోజులకు రాడు. మూడు చోట్ల అడ్వాన్స్ తీసుకుని ఒక్క చోట కూడా పూర్తిచేయడు. పచ్చి చెక్క వాడతాడు, ఎండాకాలం రాగానే తలుపు వంకర పోతుంది. పైన టేకు చూపించి లోపల వేరేది దింపుతాడు. కాగితం మీద లెక్క ఇవ్వడు. జనం కంపెనీల వైపు పోవడానికి సగం కసూర్ మాదే. మాట నిలబడని చోట హునర్‌కు ఇజ్జత్ ఎట్లా వస్తుంది?

కాబట్టి రెండు వైపులా కొన్ని పనులు చేద్దాం. పని మొదలుపెట్టకముందే ఒక కాగితం రాసుకుందాం. కొలతలు, చెక్క పేరు, ప్లై ముద్ర, తారీఖు, ధర, ఎప్పుడెప్పుడు ఎంత ఇవ్వాలో. చెక్కకు ముందు డబ్బు, ఫ్రేమ్ లేచాక కొంత, ఇంట్లో పెట్టిన రోజే మిగతాది. చెక్క ముక్క నమూనా ఒకటి ఇంటాయన దగ్గర ఉంచుకోవాలి. డిజైనర్‌ను పెట్టుకున్నా పర్వాలేదు, వాళ్లదీ హునరే. కానీ "ఇది ఎవరు చేస్తున్నారు? ఒకసారి కార్ఖానా చూపించండి" అని అడగండి. చూపించనంటే ఎందుకో ఆలోచించండి.

కారీగర్ భాయీలు సర్కారీ మదద్ కూడా వదులుకోవద్దు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 పనులున్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, ముందు లక్ష, అది కట్టాక రెండు లక్షల అప్పు 5 శాతం వడ్డీకి. పేరు చూసి మనది కాదనుకుని ఊరుకున్నవాళ్లు మా బస్తీలోనే ఉన్నారు. దాంట్లో మతం షరతు లేదు. కులం షరతు లేదు. హునర్‌కు ఏ మతం? మా అబ్బాకు రందా పట్టడం నేర్పింది సదాశివపేటలో ఒక వడ్ల ఉస్తాద్. చనిపోయేదాకా అబ్బా ఆయన్ని కాకా అనే పిలిచాడు. ఇప్పుడు అబ్బా దగ్గర చెక్కుడు పని చేసే కుర్రాడు సహారన్‌పూర్ నుంచి వచ్చాడు. అందుకే 'మనోళ్ల దగ్గరే చేయించండి' అని నేను రాయట్లేదు. చేసినోడి ముఖం చూసి చేయించండి అంటున్నాను.

కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, దాంట్లో డిజైన్ విభాగం ఉంది. అక్కణ్నుంచి ఇస్నాపూర్ షెడ్లకు గంట కూడా పట్టదు. అక్కడి చదువుకు, ఇక్కడి చేతులకు మధ్య ఒక్క చాయ్ అయినా నడవాలి. మన పిల్లల్లో గీత వచ్చినోళ్లు ఆ చదువుల వైపు పోవాలి. అప్పుడు బిల్లు రాసేవాడు, రందా పట్టేవాడు ఒకే ఇంట్లో నుంచి వస్తారు.

మొన్న నేను అబ్బాకు చెప్పాను, ఆ సోఫా ఎక్కడుందో. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు. "కూర్చుంటే కిర్రుమంటుందా?"

లేదన్నాను.

"అల్‌హందులిల్లాహ్" అని మళ్లీ పనిలో పడ్డాడు. చేతిలో ఉన్నది ఒక స్కూల్ పిల్ల బల్ల. నేను పెన్సిల్ తీసిచ్చి, నెలవంక ఈసారి పైన గీయమన్నాను, పేరు కూడా రాయమన్నాను. ఆయన సిగ్గుపడి నవ్వాడు. చాలాసేపు బతిమాలాక సొరుగు ముందు పలక మీద, ఉర్దూలో, తెలుగులో, చిన్నగా రాశాడు.

మీ ఇంట్లో సోఫాలు, పలంగ్‌లు ఉన్నాయి కదా. ఇవాళ ఒకసారి వంగి కింద చూడండి. ఎవరి నిశానీ అయినా కనపడితే, మజూరీ పూర్తిగా అందిందో లేదో కనుక్కోండి.